కారు ఆగిందని తెరకు చెప్పేదెవరు?

క్లుప్తంగా: కారు డాష్‌బోర్డు తెర మీద యూట్యూబ్, ఓటీటీ వీడియోలు రావడానికి ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. కారుతో పాటే వచ్చే యాప్‌లు, ఫోన్ నుంచి నడిచే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే, బయట బిగించుకునే ఆండ్రాయిడ్ స్టీరియో, యూఎస్‌బీకి తగిలించే బాక్స్, దొడ్డిదారి యాప్‌లు. బొమ్మ నాణ్యత, ఖర్చు వీటిలో ఒక్కోదానికి ఒక్కో రకం. అసలు తేడా మాత్రం వేరే చోట ఉంది: బండి ఆగి ఉందా, కదులుతోందా అన్న సంగతి ఎవరి మాట మీద నమ్ముతున్నారన్నది.

కొత్త కారు ఇంటికొస్తుంది. కొబ్బరికాయ కొట్టి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాక పిల్లలు చేసే మొదటి పని ఫోన్‌ను ఆ పెద్ద తెరకు కలపడం. మ్యాప్స్ వస్తాయి, యూట్యూబ్ మ్యూజిక్ వస్తుంది, స్పాటిఫై వస్తుంది. ఫోన్‌లో అదే వరసలో ఉన్న యూట్యూబ్ మాత్రం కారు తెర మీద ఎంత వెతికినా కనిపించదు. తెర లోపమా, ఫోన్ లోపమా, షోరూము వాళ్లు ఏదైనా ఆపేశారా అన్న అనుమానాలు అక్కడే మొదలవుతాయి. ఆక్సెసరీస్ షాపుకు వెళ్తే "బాక్స్ పెట్టించండి, అన్నీ వస్తాయి" అంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకరు ఫోన్ సెట్టింగ్ మార్చమంటారు, ఇంకొకరు ఒక వైరు కత్తిరించమంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో తాళం గురించి మాట్లాడుతున్నారు, అంతే.

తెర కారుది, బొమ్మ ఫోనుది

యాపిల్ కార్‌ప్లే 2014లో వచ్చింది. అదే ఏడాది గూగుల్ ప్రకటించిన ఆండ్రాయిడ్ ఆటో 2015లో జనం చేతికి అందింది. రెండింటి పనితీరూ దాదాపు ఒకటే. యాప్‌లు నడిచేది ఫోన్‌లో. ఫోన్ తన లోపలే ఒక తెరను తయారుచేసి, దాన్ని వీడియోగా మార్చి, కేబుల్ మీదుగా గానీ వైఫై మీదుగా గానీ కారుకు పంపుతుంది. కారు ఆ వీడియోను చూపించి, వేలు ఎక్కడ తగిలిందో తిరిగి ఫోన్‌కు చెబుతుంది. వైర్‌లెస్ అయితే ముందు బ్లూటూత్‌తో పరిచయం జరుగుతుంది, తర్వాత బరువంతా వైఫై మోస్తుంది.

అంటే మ్యాప్ చూస్తున్నంతసేపూ కారు తెర మీద నడుస్తున్నది నిజానికి వీడియోనే. సినిమా చూపించే సత్తా ఆ తెరకు మొదటి రోజు నుంచీ ఉంది. అడ్డు పడుతున్నది అనుమతుల జాబితా. ఏ రకం యాప్‌లు కారు తెర మీదికి రావాలో యాపిల్, గూగుల్ ముందే గీత గీశాయి. పాటలు, దారి చూపడం, సందేశాలు, ఛార్జింగ్, పార్కింగ్ లాంటి కొన్ని తరగతులకే చోటు. ఆ యాప్‌లు కూడా తమకు నచ్చినట్టు తెర గీసుకోలేవు. కంపెనీలు ఇచ్చిన అచ్చుల్లోనే సమాచారం నింపాలి. అందుకే ఏ పాటల యాప్ తెరిచినా కారులో అన్నీ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి.

ఈ మాటామంతీలో కారు ఫోన్‌కు ఇంకో కబురు కూడా చేరవేస్తుంది: బండి కదులుతోందా, ఆగి ఉందా. పరుగులో ఉన్నప్పుడు కీబోర్డు మూసుకుపోవడం, పొడవాటి జాబితా కొంతవరకే జరిగి ఆగిపోవడం ఆ కబురు వల్లే.

రెండు ఆండ్రాయిడ్‌లు

ఎక్కువ గందరగోళం పేర్ల దగ్గర. ఆండ్రాయిడ్ ఆటో ఫోన్‌లో ఉండేది. ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ కారులోనే ఉండే ఆపరేటింగ్ సిస్టం. ఫోన్ జేబులో ఉన్నా, ఇంట్లో మరిచిపోయినా దానికి పట్టింపు లేదు. గూగుల్ సేవలతో ఇది మొదట 2020లో పోల్‌స్టార్ 2 కారులో వచ్చింది, తర్వాత వోల్వో, మరికొన్ని కంపెనీలు తీసుకున్నాయి. వాటిలో యూట్యూబ్ యాప్‌ను నేరుగా కారులోకే దించుకోవచ్చు, కాకపోతే బండి ఆపి ఉంచినప్పుడే తెరుచుకుంటుంది.

సొంత సాఫ్ట్‌వేర్ రాసుకున్నవాళ్లు అంతకంటే ముందున్నారు. టెస్లా 2019 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్‌లను పార్కింగ్‌లో చూసే వీలు కల్పించింది. మన దగ్గర 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త నెక్సాన్ ఈవీలో టాటా కంపెనీ ఆర్కేడ్ డాట్ ఈవీ పేరుతో ఓటీటీ, ఆటల యాప్‌లు పెట్టింది.

ఈ సౌకర్యం ముందుగా ఎలక్ట్రిక్ కార్లలోనే రావడానికి కారణం ఉంది. ఛార్జింగ్ స్టేషన్‌లో ముప్పావుగంట కూర్చున్న మనిషికి కాలక్షేపం కావాలి, అది ఒకటి. రెండోది బ్యాటరీ. పెట్రోలు కారులో ఇంజను ఆపి తెర పెట్టుకుంటే ఆ కరెంటంతా 12 వోల్టుల చిన్న బ్యాటరీ నుంచే రావాలి. చిన్న కార్లలో అది 35 ఆంపియర్ అవర్ల సామర్థ్యంతో ఉంటుంది. తెర, ఆంప్లిఫయరు, బ్లోయరు ఫ్యాను కలిసి దాన్ని పిండుతుంటే సినిమా రెండో సగానికి వచ్చేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు. అది పాతదైతే ఆ తర్వాత సెల్ఫ్ కొట్టినా టకటక శబ్దం తప్ప ఏమీ ఉండదు. ఎలక్ట్రిక్ కారులో ఆ చిన్న బ్యాటరీని పెద్ద బ్యాటరీ ఎప్పటికప్పుడు నింపుతుంటుంది, ఏసీ కూడా హాయిగా నడుస్తుంది. పెట్రోలు, డీజిల్ కార్లలో ఏసీ కోసం ఇంజను ఆన్‌లోనే ఉంచి, గాలాడని సెల్లార్ పార్కింగ్‌లో సినిమా చూడటం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు.

కారులోనే ఉండే సిస్టం బండి ఆగిందని తెలుసుకునే పద్ధతి గట్టిది. గేరు ఎక్కడుంది, పార్కింగ్ బ్రేకు పడిందా, చక్రాల వేగం ఎంత అన్న లెక్కలు కారు లోపలి నెట్‌వర్కు నుంచి వస్తాయి. వాటిని బట్టి బండి స్థితిని పార్కింగ్, నిలిచి ఉండటం, కదలడం అని మూడుగా విడదీస్తుంది ఆండ్రాయిడ్ ఆటోమోటివ్. సిగ్నల్ దగ్గర ఆగితే అది రెండోది, మొదటిది కాదు. ట్రాఫిక్‌లో బ్రేకు తొక్కిపట్టి ఆగినప్పుడు వీడియో ఎందుకు రాదని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

నేలకు కలిపిన వైరు

పాత కార్లకు వచ్చేసరికి కథ మారుతుంది. ఫ్యాక్టరీ స్టీరియో పీకేసి తొమ్మిది, పది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో బిగించడం ఇప్పుడు విజయవాడ ఆటోనగర్ మొదలుకుని చిన్న పట్టణాల దాకా రోజువారీ పని. వీటిలో ఉండేది ట్యాబ్లెట్లలో వాడే మామూలు ఆండ్రాయిడే. ప్లే స్టోర్ ఉంటుంది, ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే ఏ యాప్ అయినా నడుస్తుంది. కారు కోసం ప్రత్యేకంగా రాసిన ఆండ్రాయిడ్ ఆటోమోటివ్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ.

స్టీరియో వెనక కప్లర్‌లో ఉండే రంగురంగుల వైర్ల గుత్తిలో ఒక సన్నటి వైరు మీద బ్రేక్ అనో, పార్కింగ్ అనో చీటీ ఉంటుంది. అది హ్యాండ్‌బ్రేక్ లివరు కింద ఉన్న స్విచ్చికి వెళ్లాలి. లివరు పైకి లాగితే స్విచ్చి ఆ వైరును కారు బాడీకి, అంటే ఎర్త్‌కు కలుపుతుంది. స్టీరియో దాన్ని చూసి బండి ఆగిందని అర్థం చేసుకుంటుంది, వీడియోకు దారిస్తుంది. లివరు దించితే సర్క్యూట్ తెగిపోతుంది, తెర మీద హెచ్చరిక వస్తుంది.

బిగించేవాళ్లు చాలామంది ఆ వైరును లివరు దాకా లాగరు. లాగాలంటే మధ్య కన్సోల్ విప్పాలి, అరగంట పని. స్టీరియో వెనకే ఏదో ఒక బోల్టుకు చుట్టేస్తే అర నిమిషం. ఇక ఆ కారు హైవే మీద వందలో పోతున్నా స్టీరియో దృష్టిలో హ్యాండ్‌బ్రేక్ వేసి నిలిపిన బండే. ఈ కిటుకు తెలిసే కొన్ని కంపెనీలు లివరును ఒకసారి వేసి, దించి, మళ్లీ వేస్తే తప్ప వీడియో రాని ఏర్పాటు చేశాయి. దానికీ విరుగుడుగా, అదే వరసలో సంకేతం పంపే వేలెడంత రిలేలు మార్కెట్లోకి దిగాయి. చవక రకం స్టీరియోల్లో అయితే ఇంత తతంగం కూడా లేదు. వీడియో ఆపే ఏర్పాటును సెట్టింగుల్లో ఒక మీటగా పెట్టి వదిలేస్తారు, తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు.

ఒక్క స్విచ్చి, ఒక్క వైరు, ఒక్క సాక్షి. మోసం చేయడం ఇంత తేలిక కావడానికి అదే కారణం. అసలు కప్లర్ వాడకుండా వైర్లు కోసి అతికితే వైరింగ్ వారంటీకి కూడా చిక్కు వస్తుంది. బయట బిగించిన స్టీరియో విలువను బీమా పాలసీలో అదనపు ఎలక్ట్రికల్ సామగ్రిగా చూపించకపోతే దొంగలు ఎత్తుకెళ్లినా పరిహారం దక్కడం కష్టం.

ఐఫోన్‌నని చెప్పుకునే డబ్బా

ఫ్యాక్టరీ తెర బాగానే ఉండి, దాన్ని పీకడం ఇష్టంలేనివాళ్ల కోసం వచ్చినవి ఏఐ బాక్సులు. పేరులో ఏఐ ఉంది గానీ దానికీ కృత్రిమ మేధకూ పెద్ద సంబంధం లేదు. అరచేతిలో పట్టే ఈ డబ్బాలో ఫోన్‌లో ఉండేలాంటి ప్రాసెసరు, మెమరీ, ఆండ్రాయిడ్, చాలా రకాల్లో సిమ్ పెట్టే చోటు ఉంటాయి. తెర ఒక్కటే లేని ఫోన్ అనుకోవచ్చు. తెర కారు ఇస్తుంది.

కారు తెరను అది అరువు తెచ్చుకునే తీరు తెలివైనది. కార్‌ప్లే ఉన్న కారు యూఎస్‌బీకి తగిలించగానే డబ్బా తనను ఐఫోన్‌గా పరిచయం చేసుకుంటుంది. యాపిల్ ఏర్పాటులో నిజమైన పరీక్ష ఎదురు దిశలో ఉంది. అవతల ఉన్నది తమ అనుమతి పొందిన కారేనా అని ఐఫోన్ అడుగుతుంది, కారు తనలోని ధ్రువీకరణ చిప్‌తో జవాబిస్తుంది. వచ్చింది నిజమైన ఐఫోనేనా అని కారు అంత గట్టిగా నిలదీయదు. ఆ ఒక్క సందులోంచే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. కారు తన మటుకు తాను కార్‌ప్లే చూపిస్తున్నాననే అనుకుంటుంది. డబ్బా పంపే వీడియోలో మ్యాప్ ఉందా, క్రికెట్ మ్యాచ్ ఉందా అన్నది దానికి తెలియదు, తెలుసుకునే బాధ్యతా దానిది కాదు. ఏం చూపించాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాన్ని కార్‌ప్లే ఫోన్‌కు వదిలింది. ఇక్కడ ఫోన్ స్థానంలో ఉన్న డబ్బాకు ఆపాలన్న ఉద్దేశమే లేదు.

హ్యాండ్‌బ్రేక్ వైరు విషయంలో సాక్షి అబద్ధం చెబుతుంది. ఇక్కడ సాక్షిని పిలవనే పిలవరు.

ఆచరణలో వచ్చే ఇబ్బందులు మాత్రం తక్కువేం కాదు. కారుకు వైరు కార్‌ప్లే ఉంటేనే వీటిలో చాలావరకు పనిచేస్తాయి. వైర్‌లెస్ మాత్రమే ఉన్న కార్లలో కుదరదు. రెండోది కరెంటు. పాత యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం పోర్టు ఇవ్వాల్సింది అర ఆంపియరే. ఎనిమిది కోర్ల ప్రాసెసరు ఉన్న డబ్బాకు అది చాలదు, మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అందుకే చాలా డబ్బాలతో రెండు కొసల కేబుల్ ఇస్తారు, ఒకటి డేటాకు, ఇంకోటి ఛార్జింగ్ సాకెట్‌లో పెట్టడానికి. మే నెలలో రోహిణీ కార్తె ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో ఇలాంటి డబ్బా ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే ప్రశ్న.

ఫోన్‌లోనే నడిచే దొడ్డిదారి యాప్‌లు ఇంకో రకం. ఫెర్మాటా ఆటో, కార్‌స్ట్రీమ్ లాంటివి తాము పాటల యాప్‌లమని చెప్పుకుని ఆండ్రాయిడ్ ఆటోలోకి దూరి వీడియో చూపిస్తాయి. ప్లే స్టోర్ నుంచి రాని యాప్‌లను గూగుల్ పక్కన పెడుతుంది కాబట్టి, ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగుల్లో వెర్షన్ సంఖ్య మీద మళ్లీమళ్లీ నొక్కి డెవలపర్ సెట్టింగులు తెరవడం లాంటి పనులు చేయాలి. ఒక అప్‌డేట్‌కు పనిచేసింది తర్వాతి అప్‌డేట్‌కు పనిచేయకపోవచ్చు. ఐఫోన్‌లో ఈ తరహా పనికి ఫోన్ భద్రతనే బద్దలుకొట్టాల్సి వస్తుంది, అదే ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు కూడా ఉంటాయన్నది మరిచిపోకూడదు.

మాట వినిపిస్తుంది, బొమ్మ పడదు

ఫోన్ తెరను కారు మీదికి మిర్రర్ చేసినవాళ్లకు తరచూ ఎదురయ్యే వింత ఇది. యూట్యూబ్ చక్కగా వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ పెడితే డైలాగులు వినిపిస్తాయి, తెర నల్లగా ఉంటుంది. కేబుల్ తప్పు కాదు. కాపీ కాకుండా కాపాడుకోవడానికి ఆ యాప్‌లు తమ తెరను రికార్డు చేయొద్దని ఆండ్రాయిడ్‌కు ముందే చెబుతాయి. మిర్రరింగ్ కూడా ఒక రకం రికార్డింగే కాబట్టి సిస్టం ఆ భాగాన్ని నల్లగా మార్చి పంపుతుంది.

చవక స్టీరియోలు, డబ్బాల్లో ఇంకో మెట్టు ఉంది. గూగుల్‌కు చెందిన వైడ్‌వైన్ రక్షణ వ్యవస్థలో ఎల్1, ఎల్3 అని స్థాయిలున్నాయి. ఎల్1 పరికరంలో వీడియో తాళం తీయడం చిప్‌లోని భద్రమైన గదిలో జరుగుతుంది. ఎల్3లో మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది, దొంగిలించడం తేలిక. అందుకే ఓటీటీ కంపెనీలు ఎల్3 పరికరాలకు సాధారణంగా 480పీ స్థాయి బొమ్మనే పంపుతాయి, లేదా అసలు నడవనివ్వవు. పెట్టె మీద 2కే తెర అని ముద్రించి ఉన్నా సినిమా మసగ్గా కనిపించడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. కొనేముందు తెర రిజల్యూషన్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. షాపులో జవాబు దొరకడం మాత్రం అరుదు.

డేటా లెక్క కూడా ఒకటుంది. నెట్‌ఫ్లిక్స్ సొంత లెక్కల ప్రకారం మధ్యస్థ నాణ్యతలో గంటకు 0.7 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో హెచ్‌డీ సినిమా విశ్రాంతి దాకా కూడా రాదు.

రెండు సెకన్లు, నలభై నాలుగు మీటర్లు

ఈ తాళాలన్నీ ఎందుకు పుట్టాయన్నది అంకెల్లో చెప్పుకోవచ్చు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కార్ల కంపెనీలకు కొన్ని మార్గదర్శకాలిచ్చింది. కారులోని ఏ పరికరమైనా చూపును ఒక్కసారికి రెండు సెకన్లకు మించి రోడ్డు మీద నుంచి లాగకూడదు, ఒక పని మొత్తానికి పన్నెండు సెకన్లు దాటకూడదు. 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 44 మీటర్లు. గేదెలు రోడ్డు దాటే మన జాతీయ రహదారుల మీద అది చాలా దూరం. పాట మార్చడం ఆ పరిమితిలో ఇమిడిపోతుంది. కథ చెప్పే బొమ్మ ఇమడదు. తర్వాత ఏమవుతుందో చూడాలనిపించడమే దాని పని.

ఈ సంగతి ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లకు ఎప్పుడో తెలుసు. అద్దం మీద వీడియో కోచ్ అని రాసుకుని రాత్రంతా సినిమాలు వేసిన బస్సుల్లో టీవీ డ్రైవరు వీపు వెనక, ప్రయాణికుల వైపు తిరిగి ఉండేది. డైలాగులు డ్రైవరూ వినేవాడు, బొమ్మ మాత్రం చూసేవాడు కాదు. కారు డాష్‌బోర్డు తెర ఆ అమరికను తలకిందులు చేసింది.

చట్టాలు దీన్ని రకరకాలుగా పట్టుకున్నాయి. బ్రిటన్‌లో 1986 నాటి నిబంధనలే డ్రైవరుకు కనిపించేలా టీవీ లాంటి తెర ఉండకూడదన్నాయి, బండి స్థితి, దారి లాంటి సమాచారానికి మినహాయింపు ఇచ్చాయి. కాలిఫోర్నియా వాహన చట్టంలో 27602వ సెక్షన్‌ది దాదాపు ఇదే మాట. జపాన్ కార్లలో టీవీ ట్యూనరు ఏనాటి నుంచో మామూలు, బండి కదిలితే బొమ్మ ఆగిపోతుంది. దాన్ని దాటించే కిట్ల మార్కెట్ కూడా అక్కడ అంతే పాతది. తెర చూస్తూ నడిపేవాళ్లకు 2019 డిసెంబరు నుంచి శిక్షలు పెంచారు.

మన మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి చెబుతుంది. 2019 సవరణ అందులో చేతిలో పట్టుకునే ఫోన్ వాడకాన్ని పేరు పెట్టి చేర్చింది. తొలి తప్పుకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, డ్రైవరు ఏకాగ్రత చెడకుండా, ఫోన్ వాడొచ్చన్నారు. డాష్‌బోర్డు తెర చేతిలో పట్టుకునేది కాదు కదా అన్న వాదన ఇక్కడ వినిపిస్తుంది. ఆ వాదన ఎంతోదూరం పోదు. ఎదుటివారికి ప్రమాదం కలిగించేలా నడపడం అన్న మూలమాట సెక్షన్‌లో అలాగే ఉంది, అది పరికరం పేరు చూడదు. కారులో ఆ తెర ఉండటం తప్పు కాదు. కదులుతున్న కారులో డ్రైవరు దాన్ని చూడటమే తప్పు. రోడ్డు మీద నిలబడ్డ పోలీసుకు ఈ రెంటి మధ్య తేడా అద్దంలోంచి కనిపించదన్నదే చిక్కు.

సాక్షి చోటు మారుతోంది

2025లో యాపిల్, గూగుల్ రెండూ ఒక మెట్టు దిగాయి. ఐఓఎస్ 26తో ఐఫోన్‌లోని వీడియోను ఎయిర్‌ప్లే ద్వారా కార్‌ప్లే తెర మీదికి పంపే వీలు వచ్చింది, బండి నడపనప్పుడు మాత్రమే. ఆండ్రాయిడ్ ఆటోలో కూడా పార్కింగ్‌లో వీడియో యాప్‌లకు తలుపు తీస్తున్నామని గూగుల్ ఆ ఏడాది మే నెల సదస్సులో ప్రకటించింది, ఫోన్‌లో ఆండ్రాయిడ్ 16 ఉండాలన్న షరతుతో. చాలామంది ఫోన్ అప్‌డేట్ చేసి, ఏమీ మారలేదని నిరాశపడటానికి కారణం రెండో షరతు: కారు కంపెనీ కూడా తన సిస్టంలో దీన్ని చేర్చాలి. బండి ఆగిందన్న కబురు నమ్మకంగా ఇవ్వాల్సింది కారే కాబట్టి ఆ మెలిక తప్పదు. ఇప్పటికే రోడ్ల మీదున్న కార్లలో ఎన్నింటికి ఆ అప్‌డేట్ వస్తుందన్నది కంపెనీల ఆసక్తి మీద ఆధారపడుతుంది, అమ్మేసిన కారు మీద ఆ ఆసక్తి సాధారణంగా ఎంత ఉంటుందో తెలిసిందే.

మరో దారిలో తెరనే రెండుగా చీలుస్తున్నారు. 2024 నవంబరులో మహీంద్రా విడుదల చేసిన ఎక్స్‌ఈవీ 9ఈలో 12.3 అంగుళాల తెరలు మూడున్నాయి, ఒకటి అచ్చంగా పక్కసీటులో కూర్చున్నవారి ముందు. పక్కసీటు తెర వీడియో కోచ్ సూత్రానికి కొంత దగ్గర, పూర్తిగా కాదు. డ్రైవరు మెడ తిప్పితే చాలు. టెస్లాకు ఇదే తరహా విషయంలో దెబ్బ తగిలింది. పక్కవారి కోసమని బండి కదులుతుండగా ఆటలు ఆడే వీలు కల్పిస్తే, 2021 డిసెంబరులో అమెరికా భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది, కంపెనీ దాన్ని నిలిపేసింది.

మెర్సిడెస్ తన ఈక్యూఎస్‌లో ఇంకో పద్ధతి పట్టింది. అక్కడ గేరును, హ్యాండ్‌బ్రేక్‌ను అడగడంతో సరిపెట్టుకోలేదు. డ్రైవరు ముఖానికి ఎదురుగా ఉన్న కెమెరా అతని చూపును కనిపెడుతుంటుంది. పక్కసీటు తెర మీద సినిమా నడుస్తుండగా ఆ చూపు అటు మళ్లిందంటే ఆ తెర మసకబారుతుంది, రోడ్డు మీదికి తిరిగాకే మళ్లీ వెలుగుతుంది. పక్కసీటు ఖాళీగా ఉంటే సినిమా ఊసే లేదు, ఆ తెర మీద అలంకారం కోసం వేసిన బొమ్మలే ఉంటాయి.